నేను నేర్పిన జవాబులు

పుంగనూరు,
ఆగస్టు 11.

చిరంజీవి మణికంఠకు, వదిన కుసుమ ఆశీస్సులతో రాస్తున్న సంగతులు. ఇక్కడ మేం ముగ్గురం తిని తిరుగుతున్నాం. అస్సాంలో వానలు ఎక్కువని టీవీలో చూపిస్తున్నారు, మీ క్యాంపులో జాగ్రత్తగా ఉండు. నీకు సిగ్నల్ దొరికి ఫోన్ చేసినప్పుడల్లా మీ అన్న నా పక్కనే ఉంటాడు. అందుకే ఈ మాటలు కాగితం మీద పెడుతున్నాను.

"తప్పు కారువాడిదేనని పోలీసులు రాశారు గదా, ఇంకా మదనపల్లె కోర్టు చుట్టూ తిరగడం దేనికి వదినా?" అని పోయిన ఉత్తరంలో అడిగావు. నిజమే, తొమ్మిది నెలల కింద మీ అన్న బండిని గుద్దింది ఆ కారే. డబ్బు కట్టాల్సింది ఆ కారు ఇన్సూరెన్స్ కంపెనీయే, దాంట్లో గొడవేం లేదు. మీ అన్నకు ఎంత నష్టం జరిగిందన్నదే గొడవ. కాలు పోయినవాడు కాలు చూపిస్తే చాలు. మీ అన్నకు దెబ్బ తల లోపల. కుట్లు మానాయి, జుట్టు పెరిగింది, చూడ్డానికి పెళ్లికొడుకులా ఉన్నాడు. వాళ్ల లాయరు "మనిషి బాగానే ఉండాడు గదా" అంటాడు.

షాపు తెరిచారా అని కూడా అడిగావు. తెరిచాం, మళ్లీ మూసేశాం. కాలిపోయిన బోరు మోటారుకు తీగ చుట్టేటప్పుడు ఒక్క చుట్టు కూడా తప్పని మనిషి, ఇప్పుడు నలభై దాటితే లెక్క పోగొట్టుకుని మొదటికి వస్తాడు. సదుం రైతు మునెప్ప మోటారు ఇచ్చి రెండు వారాలు ఓపిక పట్టాడు. చివరికి "మా మడి ఎండిపోతాండాది, ఏమనుకోవద్దమ్మా" అని వెనక్కి తీసుకుపోయాడు. ఆయన్ను నేనేమీ అనలేను. మీ అన్న టీకి వెళ్తే ఇంటికి దారి మర్చిపోతాడు. ఒకరోజు ఉన్నట్టుండి కోపమొచ్చి పాప పుస్తకాలన్నీ విసిరేశాడు. కాసేపటికి దాని పక్కనే కూర్చుని, ఎవరు విసిరారని అడిగాడు.

ఇక ఇన్నాళ్లూ నీకు చెప్పకుండా దాచిన సంగతి. మెడికల్ బోర్డు వాళ్లు మీ అన్న వైకల్యం పదిహేను శాతమేనని రాశారు గదా, ఆ డాక్టర్లను మనిద్దరం కలిసి తిట్టుకున్నాం గదా. తప్పు వాళ్లది కాదు, నాది. ఇన్ని నెలలు ఆసుపత్రికి వెంట తిరిగినదాన్ని, అక్కడ ఏమేం అడుగుతారో నాకు తెలుసు. బోర్డుకు పోయే ముందు మూడు రోజులు ఆయన్ను కూర్చోబెట్టి, పాపకు పద్యాలు నేర్పినట్టు జవాబులు నేర్పించాను. ఆ రోజు తేదీ, పాప చదివే తరగతి, నూరులో ఏడు పోతే ఎంత, అన్నీ. ఇస్త్రీ చొక్కా వేసి, తల దువ్వి తీసుకెళ్లాను. వీధిలో పిల్లలు ఆయన్ను పిచ్చోడనడం విన్నాను మణీ. నలుగురు డాక్టర్ల ముందు కూడా ఆయన తక్కువ కాకూడదనిపించింది. "ఎట్లుండావప్పా?" అని పెద్ద డాక్టరు అడిగితే "బాగుండాను సార్" అన్నాడు. నేర్పినవన్నీ తడుముకోకుండా చెప్పాడు. తలుపు దగ్గర నిలబడి నేను మురిసిపోయాను. ఎంత తెలివితక్కువదాన్నో చూడు.

మన లాయరు ఫిర్దౌస్ మేడమ్‌కు నాలుగు రోజుల కింద నిజం చెప్పి ఏడ్చేశాను. ఆమె తిట్టలేదు. "ఇంత దాచుకుంటే ఎట్లమ్మా? మళ్లా పరీక్ష చేయించమని కోర్టును అడుగుదాం. నువ్వు బోనెక్కి ఇంట్లో జరిగేదంతా చెప్పాల. ఏమీ మిగల్చొద్దు" అంది. ఆ డబ్బు రాకపోతే ఆయన మందులకు, మా తిండికి, పాప చదువుకు వేరే దారి లేదు. కానీ కన్నకూతురు ఆయన్ను చూసి భయపడుతోందని, ఆయన ఎదుటే, అంతమందిలో ఎలా చెప్పను?

ఆ మర్నాడు పొద్దున అన్నం పెడుతూ, కోర్టులో ఏమేం చెప్పాల్సొస్తుందో ఆయనకే చెప్పేశాను. చేతిలోని ముద్ద కంచంలో పెట్టేశాడు. తర్వాత "సెప్పు కుసుమా. అంతా సెప్పు. నాకు యాడ గుర్తుంటాది, మర్సిపోతాలే" అన్నాడు.

వాయిదా ఈ నెల ఇరవై ఎనిమిదిన. సెలవు పెట్టి రా. నేను బోనులో ఉన్నంతసేపూ మీ అన్న పక్కన నువ్వు కూర్చోవాలి. మధ్యాహ్నం తిన్నాడో లేదో సాయంత్రానికి గుర్తుండదు ఆయనకు. కానీ నేను ఆ మాట చెప్పి ఇవాళ్టికి మూడు రోజులు. మూడు రోజులూ లేవగానే, "కోర్టు ఈ పొద్దేనా కుసుమా?" అని అడిగాడు.

ఇట్లు,
నీ రాక కోసం చూస్తుండే
వదిన కుసుమ