మీ ఊరు మీకే ఇనాం

అన్నయ్యా,

ఇవాళ నీ తద్దినం. భోక్తలు వెళ్ళాక, మద్రాసు రేడియోలో పిట్టలదొర హాస్యం వస్తుందంటే బందరు పార్కులో ఊరందరికీ పెట్టే రేడియో దగ్గరికి వెళ్ళాను. వేషం నీదే, గొంతు ఎవడిదో.

నువ్వు పెడన సంతలో చెక్కతుపాకి భుజాన వేసుకుని, "మీ ఊరు మీకే ఇనాం ఇస్తున్నాను, దణ్ణం పెట్టండ్రా!" అంటే, ఏ దొర సంగతో జనానికి చెప్పక్కర్లేకపోయేది. ఆ ఒక్క ముక్కకే తెల్లవాళ్ళు నిన్ను జైల్లో వేశారు. రేడియోలో ఆ ముక్క లేదు. దొరగారి పెళ్ళాం చారులో ఉప్పెక్కువ వేసిందట, ఆవిడకి భయపడి దొర మంచం కింద దూరాడట. చివర్లో యుద్ధానికి చందాలివ్వమన్నాడు.

అక్కడితో ఆగినా బాగుండేది. మాటమాటకీ ఖళ్ళుఖళ్ళుమని దగ్గాడు. నీ దగ్గే, అన్నయ్యా. నువ్వు జైలు నుంచి తెచ్చుకున్నది, నిన్ను పొట్టన పెట్టుకున్నది. ఆఖరి రోజుల్లో నీ ఆట చూసి, అది కూడా వేషంలో భాగమనుకున్నట్టున్నాడు వెధవ. మాటలు వదిలేసి దగ్గు పట్టుకుపోయాడు.

పార్కంతా విరగబడి నవ్వింది. పక్కన కూర్చున్న పెద్దాయన కళ్ళు తుడుచుకుంటూ, "కథలో పస లేదు గానీ, భలే దగ్గాడండీ!" అన్నాడు.

"మా అన్నయ్య ఇంకా బాగా దగ్గేవాడండీ," అన్నాను.

ఆయన దానికీ నవ్వాడు.