నాన్నకి రాళ్ళని చెప్పాను

ఖోన్ కేన్ పట్నం పెద్దాసుపత్రి వరండా,
ఆగస్టు 4

ప్రియమైన తమ్ముడు ఖంపన్‌కి, కాషాయం కట్టాక 'మీరు' అనాలి గనక తమరికి,

అక్క లమ్యాయ్ నమస్కరించి రాస్తున్నది. నాన్న ఒళ్ళంతా పసుపు పూసినట్టయింది. కళ్ళు కూడా. దురదకి మొక్కజొన్న కండెతో వీపు గీక్కుంటున్నాడు. డాక్టరమ్మ నన్ను బయటికి పిలిచి చెప్పింది. పిత్తనాళంలో క్యాన్సరట. ఖమ్‌ఫాయ్ మామని తీసుకెళ్ళిన జబ్బే. పచ్చి చేపల్లోని పురుగు ఏళ్ళ తరబడి కాలేయంలో కాపురం పెట్టి చేసిన పని. ఇంకా పాకలేదు, నెలలోపు కోసి తీసేస్తే బతకొచ్చంది.

ఎన్నిసార్లు మొత్తుకున్నాను? నిమ్మరసం పిండితే ఉడికినట్టే అనేవాడు. ఎర్రచీమలు కలిపితే పురుగు చస్తుందనేవాడు. ఆరోగ్య కేంద్రంలో పురుగుల మాత్ర మింగి, అదే సాయంత్రం చెరువు గట్టున సారా సీసాతో పచ్చి చేపల ముందు కూర్చునేవాడు. మళ్ళీ మాత్ర ఉందిగా అనేవాడు. మీకు మాత్రం భిక్షలో పచ్చిది వేయకూడదని పొయ్యి మీద కాల్చి మరీ వేసేవాడు. ఆ నిప్పేదో తన ముద్దకీ చూపిస్తే ఏం పోయేది?

క్యాన్సరని ఆయనకి చెప్పలేదు. మన ఊళ్ళో ఎవరు చెప్పారు గనక? ఆ మాట చెవిన పడితే మనిషి సగం అక్కడే పోతాడు. పిత్తంలో రాళ్ళని చెప్పాను. ఆపరేషన్‌కి సంతకం పెట్టనంటున్నాడు. మీరొచ్చి 'పెద్ద రాళ్ళు నాన్నా, తీయించుకో' అని ఒక్క మాటనండి చాలు. భిక్షువు మాట ఆయన దాటడు.

వానకాలం మూడు నెలలూ మీరు ఆరామం దాటకూడదని తెలుసు. కన్నవాళ్ళకి జబ్బు చేస్తే ఏడు రోజులు వెళ్ళొచ్చనీ తెలుసు. మన గుడి పెద్దాయన్ని అడిగే రాస్తున్నాను.

కోపంగానే ఉన్న
అక్క


అడవి ఆరామం,
ఆగస్టు 13

ప్రియమైన అక్కకి,

ఉత్తరం అందింది. నాన్న పేరున రోజూ పుణ్యం పంచుతున్నాను. దేహం నిలిచేది కాదని అందరికీ చెబుతుంటాను. నాన్న దగ్గరికొచ్చేసరికి ఆ మాట నాకే మింగుడు పడటం లేదు.

రావడానికి అనుమతి ఉంది. నేనే బయల్దేరలేకపోతున్నాను. వస్తే నాన్న నా మొహంలోకి చూసి, ఇవి రాళ్ళేనా అని అడుగుతాడు. నేను అబద్ధం ఆడకూడదు. రాకపోతే ఆ బాధ ఉండదు. నిజం నువ్వే చెప్పక్కా. నీ చెయ్యి పట్టుకుని నడిచినవాణ్ణి, ఇంతకంటే ఏమీ చెప్పలేను.

నీ మేలు కోరే
ఖంపన్ భిక్షువు


ఆసుపత్రి,
ఆగస్టు 21

తమ్ముడూ,

ప్రియమైన అని రాయడానికి ఇవాళ చెయ్యి రావడం లేదు. మీరూ గీరూ కూడా లేదు. పుణ్యం పంచుతున్నావా? అది అక్కడే ఉంచుకుని, నాన్న మంచం కింద ఈ చాప మీద ఒక్క పగలు కూర్చో. నీ శీలం మల్లెపువ్వులా ఉండాలి, అబద్ధాలకి నా నాలికుంది.

నిన్న పక్కింటి సోమ్‌సీ అత్త అరిటాకు పొట్లం పట్టుకొచ్చింది. విప్పితే పచ్చి చేప. "పోయేలోపు నోటికింత రుచి తగలనీ అమ్మా" అని నా చెవిలో గొణిగింది. తీసుకెళ్ళి చెత్తడబ్బాలో పడేశాను. నాన్న అలిగి గోడవైపు తిరిగాడు.

"రాళ్ళకీ చేపకీ ఏమిటే సంబంధం? సోమ్‌సీకీ రాళ్ళొచ్చాయి. చెట్టు వేళ్ళ కషాయానికి కరిగిపోలేదూ? నాకూ కాచి పొయ్యి. రాళ్ళకి ఎవడైనా పొట్ట కోయించుకుంటాడా?"

గడువు రెండు వారాలే ఉంది. వచ్చి అబద్ధమాడు. ఆ పాపం నేను మోస్తాను.

నీకు ఇంకా అక్కనే అయిన
లమ్యాయ్


ఆసుపత్రి,
సెప్టెంబరు 2

ప్రియమైన అక్కా,

ఈ కాగితం నాన్న తలగడ కింద పెడుతున్నాను. నువ్వు పొలంలో నాట్లు చూడ్డానికి ఊరెళ్ళావట. నువ్వు లేవని తెలిసి నా మనసు తేలికపడింది. సిగ్గుపడుతూనే రాస్తున్నాను.

నాన్న నన్నేమీ అడగలేదు. నేనే చెప్పాను. క్యాన్సరనీ, మామకొచ్చిందేననీ. తన చేతులకేసి చూసుకున్నాడు. తర్వాత అన్నాడు, "రాళ్ళకి కత్తెందుకని మొండికేశాను. ఇదైతే కోయమను. ఆ కాగితం ఎక్కడుంది?"

సంతకం పెట్టాడు. ఏడు రోజులూ పట్నం గుడిలోనే ఉంటాను. రేపొస్తాను. తిట్టాలనుకున్నవన్నీ తిట్టు.

తమ్ముడు


ఆసుపత్రి,
సెప్టెంబరు 28

ప్రియమైన తమ్ముడికి,

ఆ ఏడు రోజులూ నీతో మాట్లాడలేదు. నా అబద్ధాన్ని చెడగొట్టావని కోపమనుకున్నాను. అది కాదు.

నువ్వెళ్ళిన మూడో రోజు కోశారు. తెరిచారు, చూశారు, మూసేశారు. కాలేయమంతా పాకిపోయిందట. పసుపు దిగడానికి గొట్టం వేశారు. "నెల ముందయితే" అని డాక్టరమ్మ మొదలుపెట్టి, నా మొహం చూసి ఆపేసింది.

చేపల మీద కోప్పడ్డాను. సారా మీద, సోమ్‌సీ అత్త మీద, నీ కాషాయం మీద కోప్పడ్డాను. ఆ నెల రోజులూ నాన్నని సంతకం పెట్టనివ్వనిది నేను చెప్పిన రాళ్ళేరా. కర్మ అని మాత్రం రాయకు. రాస్తే ఉత్తరం పొయ్యిలో పెడతాను. నాన్న నన్ను ఒక్క మాటనడు. చెంప మీద కొట్టినా ఇంతకంటే నయం.

ఇవాళ పొద్దున డాక్టరమ్మ మళ్ళీ నన్ను బయటికి పిలిచింది. నేను కదల్లేదు. "ఇక్కడే చెప్పండమ్మా, ఆయనకే చెప్పండి" అన్నాను. చెప్పింది. మూడు నెలలట, మహా అయితే నాలుగు.

నాన్న వేళ్ళ మీద లెక్కపెట్టుకున్నాడు. "అయితే కోతలు చూస్తాను" అన్నాడు. నావైపు తిరిగాడు.

"అప్పుడే చెప్పుంటే, ఈ ఆఖరి నాట్లు నా చేత్తో వేసుకునేవాణ్ణి కదే."

అంతే అన్నాడు. రేపు ఇంటికి తీసుకెళ్తున్నాను.

అక్క