మీ బావ గయలో వదిలింది ఏమిటి?

హల్దియాపదర్, బరంపురం
గురువారం

చిరంజీవి తమ్ముడు భాస్కర్‌కి అక్క పార్వతి ఆశీస్సులు. అమ్మ మోకాళ్ళు ఎలా ఉన్నాయి, రేవతి జ్వరం తగ్గిందా, పిల్లలు బడికి సరిగా వెళ్తున్నారా, అన్నీ తెలియజెయ్యి. ఇక్కడ మేమూ క్షేమమే అని రాయాలి కదా. ఈసారి రాయను. నేను బాగున్నాను. మీ బావ బాగా లేరు. అందులో నీ చెయ్యి ఎంత ఉందో చెప్పడానికే ఈ ఉత్తరం.

ఫోనులో ఎందుకు చెప్పలేదని అడుగుతావు. చెప్పబోయాను. "అక్కా, బేరమొచ్చింది, మళ్ళీ సేత్తాను" అని పెట్టేశావు. ఇంకోసారి నవ్వేసి, "బావకియ్యి ఫోను" అన్నావు. ఆయనా నువ్వూ క్రికెట్ మాట్లాడుకున్నారు. కాగితాన్ని నువ్వు నవ్వించలేవు. ఇంటికి రాస్తే అమ్మ కంట పడుతుందని నీ సెల్‌ఫోన్ల కొట్టుకి పంపుతున్నాను. చివరిదాకా చదువు.

ముందు ఇక్కడి సంగతులు. మీ బావకి బదిలీ అయి మన చికిటి వదిలి వచ్చాక మొదటి చలికాలం ఇది. పొద్దున్న మంచు బాగా కురుస్తోంది, మధ్యాహ్నానికి మళ్ళీ ఉక్క. కుళాయి నీళ్ళు వస్తున్నాయి కానీ పప్పు ఉడకడం లేదు, తాగడానికి వేరే నీళ్ళు తెప్పిస్తున్నాం. ఇల్లు మేడ మీద. కింద వీధిలో ఎవరు వెళ్ళేదీ కనిపిస్తుంది కానీ పలకరించడానికి ఎవరూ ఉండరు. చికిటిలో గుమ్మంలో కూర్చుని చిక్కుడుకాయలు ఒలుస్తుంటే ముగ్గురు ఆగి మాట్లాడేవారు. ఇక్కడ చిక్కుడుకాయలు కూడా ఒంటరిగానే ఒలుచుకోవాలి. పక్కింటి ఒడియా ఆవిడ మంచిది. ఇడ్లీ మీద ఘుగుని, అదే బఠాణీల కూర, పోసి ఇస్తుంది, అలవాటైపోయింది. ఇంటి పద్దులు ఎప్పటిలాగే రాసుకుంటున్నాను. అన్నీ సర్దుకున్నాయి, ఒక్కటి తప్ప.

పోయినేడు మా మామగారి పిండం పెట్టడానికి గయ వెళ్ళామని నీకు తెలుసు. గయలో మనవాళ్ళు ఇష్టమైనదొకటి వదిలేసి రావాలి కదా, మళ్ళీ జన్మలో ముట్టకుండా. మా మరిది కాకరకాయ వదిలాడు. వాడు పుట్టి బుద్ధెరిగాక కాకరకాయ తిన్నది ఎప్పుడు? పంతులు మీ బావని అడిగితే ఆయన "సిగరెట్టు" అన్నారు. అందరం ఆయన మొహం చూశాం. పెళ్ళయిన దగ్గర్నుంచీ నేను బతిమాలి, అలిగి, ఏడ్చి మాన్పించలేనిది ఆయన తండ్రి పేరు చెప్పుకుని ఒక్క మాటతో వదిలేశారు. ఆ రోజు నాకు కలిగిన సంతోషం ఇంతా అంతా కాదు.

వదలడమంటే మాటలా? తిరిగొచ్చాక ఆయన పడ్డ బాధ నేను చూశాను. చేతులు ఊరికే ఉండేవి కావు. అన్నం ముందు చిరాకు, ఆఫీసులో చిరాకు. యాలక్కాయలు, సోంపు, ఎండు ఉసిరికాయ, అన్నీ డబ్బాల్లో పోసి పెట్టాను. నెమ్మదిగా దారిన పడుతున్నారు. సరిగ్గా అప్పుడు వచ్చావు నువ్వు, జేబులో ఆ బ్యాటరీ గొట్టం పెట్టుకుని.

నువ్వు అన్న మాటలు నాకు ఇంకా చెవిలో ఉన్నాయి. "బావా, మీరు గయలో ఒదిలింది సిగరెట్టు. ఇందులో నిప్పు లేదు, పొగాకు ఆకు లేదు. ఉత్త ఆవిరి. గయకీ దీనికీ ఏటి సంబంధం?" నేను అడ్డం వస్తే నన్ను చూసి, "జలుబు సేత్తే నువ్వు ఆవిరి పట్టవా అక్కా? ఇదీ అలగే. సూడు, మామిడిపండు వాసన" అన్నావు. ఆయన నీ మొహమూ నా మొహమూ చూసి పుచ్చుకున్నారు. సిగరెట్టు కన్నా నయమేమోనని నేనూ ఊరుకున్నాను. నువ్వు చదువుకున్నవాడివి, సామాన్లు తెలిసినవాడివి అనుకున్నాను.

ఇప్పుడు విను, ఆ ఆవిరి సంగతి.

సిగరెట్టుకి ఒక మొదలు, ఒక చివర ఉండేవి. అగ్గిపుల్ల గీయాలి, బయటికి వెళ్ళాలి, అయిపోయాక పారెయ్యాలి. పెట్టెలో ఎన్ని మిగిలాయో చూస్తే రోజుకి ఎన్ని తాగారో నాకు తెలిసిపోయేది. దీనికి చివరే లేదు. పక్క మీద కూర్చుని పీలుస్తారు, స్నానాల గదిలో పీలుస్తారు, అన్నంలో పెరుగు కలుపుతూ ఎడమచేత్తో పీలుస్తారు. దేవుడి గది గుమ్మంలో నిలబడి దణ్ణం పెట్టుకుని, అటు తిరిగి ఒక పీల్పు. ఎంత పీల్చారని అడిగితే ఆయనకే తెలీదు. అన్నిటికీ లెక్క రాసుకునేదాన్ని నేను, దీన్ని ఎక్కడ రాసుకోను? ఇల్లంతా మామిడిపండు వాసన. పక్కింటి ఆవిడ, "ఈ చలికాలంలో ఆంబొ ఎక్కడ దొరికాయి? మాకూ రెండు తెప్పించు" అని అడిగింది. ఏం చెప్పను ఆవిడకి?

పైగా ఊరంతా ఆయన్ని మెచ్చుకోవడం. అమ్మ ఎవరొచ్చినా, "మా అల్లుడు గయలో సిగరెట్టు ఒదిలీసినాడు" అని చెప్పుకుంటోందని నువ్వే అన్నావు. ఎవరైనా సిగరెట్టు ముట్టిస్తే ఈయన ముక్కు మూసుకుని అవతలికి వెళ్ళిపోతారు. మొన్న ఆఫీసులో గుమాస్తాకి బుద్ధి కూడా చెప్పారట. చెప్పి వచ్చి మెట్ల మీద నిలబడి ఆ గొట్టం నోట్లో పెట్టుకున్నారు.

మెట్లంటే గుర్తొచ్చింది. ఈ ఇంటి మెట్లు మధ్యలో ఒక మలుపు తిరుగుతాయి. ఆయన ఆ మలుపు దగ్గర ఆగి ఫోను తీసి చూసుకుంటారు. మొదట్లో నిజంగానే ఫోనొచ్చింది అనుకున్నాను. ఒకరోజు కూరల సంచితో వెనకాలే ఎక్కుతున్నాను. ఫోను తెరే వెలగలేదు. భుజాలు ఎగిరెగిరి పడుతున్నాయి. "ఏటైందండీ?" అన్నాను. "ఏటి లేదే, ఆఫీసు మెసేజి" అన్నారు, మాటకీ మాటకీ మధ్య ఊపిరి తీసుకుంటూ. ఆ దగ్గు కూడా వర్షాకాలం నుంచి తగ్గలేదు. ఇన్నేళ్ళ సిగరెట్లు చేసిందేమీ లేదని నేను అనను. నేను అంత తెలివితక్కువదాన్ని కాదు. కానీ ఆ ఊపిరితిత్తులకి కాస్త విశ్రాంతి దొరికే సమయంలో నువ్వు తెచ్చి ఇది పెట్టావు.

పోయిన వారం బలవంతాన డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళాను. ఒడియా ఆయనే, తెలుగు బాగా వచ్చు. వీపు మీద స్టెతస్కోపు పెట్టి చాలాసేపు విన్నారు. "సిగరెట్ అలవాటుందా?" అని అడిగారు. మీ బావ నిటారుగా కూర్చుని, "ఒదిలీసినాను సార్. గయలో" అన్నారు. డాక్టరు సంబరపడిపోయి, "భొలొ కొలే, మంచి పని చేశారు" అని మందులు రాయడం మొదలుపెట్టారు. మీ బావ మొహం చూడాలి అప్పుడు. బహుమతి అందుకున్నట్టు ఉంది.

నాకు ఒళ్ళు మండిపోయింది. నా చేతిసంచిలోంచి ఆ గొట్టం తీసి డాక్టరు బల్ల మీద పెట్టాను. ఇంట్లోంచి బయల్దేరేటప్పుడే ఆయన చొక్కా జేబులోంచి తీసి దాచాను.

డాక్టరు దాన్ని అటూ ఇటూ తిప్పి చూసి, "ఇది ఎవరిది?" అన్నారు.

మీ బావ నా వైపు చూడలేదు. "మా బామ్మర్దిది సార్" అన్నారు.

చూశావా, కష్టం వచ్చేసరికి అది నీదైపోయింది.

డాక్టరు కలం పక్కన పెట్టేశారు. ఈ-సిగరెట్లు అమ్మడమే నిషేధమని, ఇలా చాటుమాటుగా వచ్చే వాటిలో ఏం పోస్తారో ఎవరికీ తెలీదని చెప్పారు. సిగరెట్టులాగ ఏదీ కాలదు, నిజమే, కానీ అంతమాత్రాన ఊపిరితిత్తులకి మంచిదని కాదన్నారు. సిగరెట్టులో మనిషిని పట్టి ఉంచే నికోటినే చాలావాటిలో ఉంటుందట. "ఒకటి మానడానికి ఇంకొకటి పట్టుకున్నారు. ఇప్పుడు దీన్ని మానడం ఎప్పుడు?" అని అడిగారు, ఆయన్నే సూటిగా చూస్తూ. ఎక్స్‌రే తీయించమన్నారు, ఊపిరి పరీక్ష చేయించమన్నారు. ఒక యంత్రంలోకి గట్టిగా ఊదాలి, ఎంత ఊపిరి ఎంత వేగంగా బయటికొస్తుందో అది చూపిస్తుంది. లేచి వస్తుంటే, "ఆ బామ్మర్దిని కూడా తీసుకురండి" అన్నారు. ఆయనకి నమ్మకం కలిగిందో, మీ బావ అబద్ధం పట్టేసుకుని అన్నారో నాకు తెలీదు.

ఇంటికొచ్చాక మీ బావ, "నలుగురిలో నా పరువు తీసీసినావు" అన్నారు.

"నలుగురమే ఉన్నాం లెండి. డాక్టరు, మందుల సీటీలు రాసే అమ్మాయి, మీరు, నాను" అన్నాను.

"నాను మాట తప్పలేదే. గయ నుంచి వచ్చినాక ఒక్క సిగరెట్టు ముట్టుకున్నానా? సెప్పు."

"మీ నాన్నగారి పేర ఒదిలింది ఏటండీ? ఆ కాయితం చుట్టా, లోపలికెళ్ళే పొగా?"

"భాస్కర్‌ని అడుగు, ఆడే సెప్తాడు" అన్నారు. అప్పటి నుంచి నాతో ముక్తసరిగా మాట్లాడుతున్నారు. ఉప్పు కావాలంటే గిన్నె వైపు చూస్తారు. ఎక్స్‌రే మాత్రం నేను పట్టుబట్టి తీయించాను. పుండూ గడ్డా ఏమీ లేవన్నారు, దేవుడి దయ. ఊపిరి పరీక్షకి మాత్రం రానంటున్నారు. వస్తే ఏం తేలుతుందోనని భయం. భయమని ఒప్పుకోరు.

ఇంత జరుగుతుంటే నిన్న నువ్వు చేసిన పని. చికిటి బస్సు కండక్టరు ఇచ్చాడని ఆయన ఆఫీసు నుంచి ఒక అట్టపెట్టె తెచ్చారు. పైన ఫోను కవర్లు, కింద ఈ గొట్టాలు. ఈసారి పుదీనా వాసనట. మామిడి మొహం మొత్తి ఉంటుందని ఎంత ముందుచూపు నీది. ఆయన గదిలోకి పట్టుకెళ్ళి విప్పుతుంటే తలుపు దగ్గర నిలబడి చూశాను. చిన్నపిల్లాడు పండక్కి టపాసుల పెట్టె విప్పినట్టు విప్పారు. నేను వెళ్ళి చేతిలోంచి తీసుకున్నాను. పెనుగులాడలేదు. మంచం మీద కూర్చుండిపోయి, "పార్వతీ, నా వల్ల కావడం లేదే" అన్నారు.

అంతే అన్నారు. ఇన్నేళ్ళలో ఆ మాట ఆయన నోట నేను వినలేదు. భాస్కర్, ఆ మాట విన్నాక నాకు ఆయన మీద కోపం పోయింది. మిగిలిందంతా నీ మీదే ఉంది.

నీకు తెలియక కాదు. అమ్మకూడదని తెలిసే కవర్ల కింద పెట్టి పంపావు. బావ అంటే నీకు ప్రాణమని నాకు తెలుసు, అందుకే ఇంకా కోపం. నువ్వు కూడా అదే పీలుస్తున్నావు. ఫోనులో మాట మధ్యలో నువ్వు దగ్గడం నాకు వినిపించదనుకున్నావా? బేరమొచ్చిందని పెట్టేసింది బేరానికా, దగ్గుకా?

ఆ పెట్టె, ఈ ఉత్తరం రెండూ కలిపి అదే కండక్టరు చేతికి ఇస్తున్నాను. ఒక్కటీ తియ్యలేదు, చూసుకో. వాటిని ఇంకొకరికి అమ్మావని తెలిస్తే రాఖీకి ఈ గుమ్మం తొక్కకు.

నిన్న సాయంత్రం మీ బావతో మాట్లాడాను. పరీక్షకి వెళ్దామండీ అంటే, "భాస్కర్ ఒస్తే ఒస్తాను" అన్నారు. అందుకని సోమవారానికి రెండు పేర్లు రాయించాను, ఆయనదీ, నీదీ. ఏ డాక్టరు ముందైతే నీ పేరు చెప్పారో ఆ డాక్టరు ముందుకే నువ్వు రావాలి. బావ కళ్ళలోకి చూసి, ఆవిరి అని నేను చెప్పింది తప్పు బావా అని నువ్వే చెప్పాలి. నా మాట ఆయన వినరు. నీ మాట విన్నారు కాబట్టే ఇక్కడిదాకా వచ్చింది, నీ మాట వింటేనే వెనక్కి వెళ్తారు. మానడానికి మందులున్నాయట, దారి చెప్పేవాళ్ళున్నారట, డాక్టరుగారు అన్నారు. అదంతా నేను చూసుకుంటాను. రావడం మాత్రం నీ పని.

ఆదివారం రాత్రికే వచ్చి ఇక్కడ పడుకో. వచ్చేటప్పుడు అమ్మ పట్టిన కందిపొడి కొంచెం, పెరటి కరివేపాకు పట్టుకురా. ఇక్కడి కరివేపాకుకి వాసన లేదు. అమ్మకి ఏమీ చెప్పకు, బావని చూడ్డానికి వెళ్తున్నానని చెప్పు, అది అబద్ధం కాదు. అమ్మకి నా నమస్కారాలు, రేవతికి, పిల్లలకి నా దీవెనలు. నీకూ దీవెనలే, ఎంత కోపం ఉన్నా అవి ఆగవు కదా.

సోమవారం పొద్దున్న లేచిన దగ్గర్నుంచి పరీక్ష అయ్యేదాకా ఆ గొట్టం నోట పెట్టకూడదన్నారు. మీరిద్దరూ నా ఎదురుగా కూర్చోవాలి, ఖాళీ చేతులతో. తర్వాత పక్కపక్కన కూర్చుని ఊదండి. ఎవరు ఏం వదిలారో, ఎవరి దగ్గర ఎంత ఊపిరి మిగిలిందో ఆ యంత్రమే చెబుతుంది.

నీ రాక కోసం చూస్తూ,
అక్క పార్వతి