వంకర తలుపు

ఫిబ్రవరి 4, సాయంత్రం

స్తంభం వంగింది. ఇవాళ్టి పెళ్లిలో, స్టేజీ పక్కన తెల్ల స్తంభం. కెమెరా కంటికి ఆనించుకుంటే నడుం దగ్గర ఎవరో మోకాలితో పొడిచినట్టు లోపలికి వంగి ఉంది. కెమెరా దించితే నిటారుగా ఉంది. మళ్లీ పెట్టాను, మళ్లీ వంగింది. నవ్వుతూ నిలబడి నిలబడి పెళ్లికూతురికి దవడలు నొప్పి పుట్టినట్టున్నాయి, ఏమైందండీ అని అడిగింది. ఏం లేదమ్మా, వెలుతురు చూసుకుంటున్నా అని బుకాయించాను.

కారెక్కగానే తమ్ముడి మీద పడ్డాను. లెన్స్ కింద పడేసి నాకు చెప్పలేదు కదూ అన్నాను. వాడు వీడియో తీస్తాడు, నేను ఫోటోలు తీస్తాను, సామాన్ల బ్యాగు మాత్రం ఇద్దరిదీ ఒకటే. వాడు ఒట్టేశాడు. ఎక్కడ ఏం పగిలినా నా నెత్తినే రుద్దుతావు, రేపు ఎవరి పెళ్లి ఆగిపోయినా నన్నే అంటావు అని దారంతా సాగదీశాడు.

ఇంటికొచ్చి కంప్యూటర్లో వేసి చూస్తే స్తంభం తిన్నగా ఉంది. ప్రతి ఫోటోలోనూ.

అమ్మ రోజూలాగే పక్కన కుర్చీ వేసుకుంది. అమ్మకి చూపు పోయి చాలా ఏళ్లయింది. నేను ఫోటోలు ఏరుతూ ఒక్కోటీ చెబుతుంటే వింటుంది. అమ్మాయి ఎలా ఉందే అంది. పొడుగ్గా, చామనఛాయగా, నవ్వితే చిగుళ్లు కనిపిస్తాయి అన్నాను. అమ్మకి అలాంటివే కావాలి. అందంగా ఉంది అంటే ఒప్పుకోదు, అందరూ అందంగానే ఉంటారు, సరిగ్గా చెప్పు అంటుంది.

ఫిబ్రవరి 11

ప్రీ వెడ్డింగ్ షూట్. పాత రైలు వంతెన మీద. ఇద్దరూ చేతులు పట్టుకుని నడుస్తూ రావాలి, నేను ఎదురుగా వెనక్కి నడుస్తూ తీయాలి. వంతెన కమ్మీలు అలల్లా ఊగుతున్నాయి. సరే, ఆ లెన్స్ అంతే అనుకున్నాను. తరవాత అబ్బాయి మొహం మీద ఫోకస్ పెట్టబోతే మొహం లేదు. జుట్టుంది, చెవులున్నాయి, చొక్కా కాలర్ ఉంది. మధ్యలో తడి వేలితో ఎవరో తుడిచేసినట్టు మసక.

కెమెరా కీచుమంది. ఫోకస్ అయింది అని దానర్థం. నొక్కాను. వెనక స్క్రీన్‌లో చూస్తే అబ్బాయి మొహం మీద మొటిమతో సహా స్పష్టంగా ఉంది.

తమ్ముడికి చెప్పాను. కెమెరాకి ఏదో పట్టింది అక్కా, నువ్వు మొహం బాగా తీయలేదని ఏ పెళ్లికూతురో శాపం పెట్టుంటుంది అన్నాడు. నోరు ముయ్యి అన్నాను. కెమెరాలో నాకు కనిపించని మొహం ఫోటోలోకి ఎలా వస్తోంది?

ఫిబ్రవరి 12

కెమెరా రిపేరుకిచ్చాను. రిపేరాయన ఊడదీసి, తుడిచి, బిగించి, కంటికి పెట్టుకుని వీధి చివర దాకా చూసి, శుభ్రంగా ఉందండీ అన్నాడు. సరిగ్గా చూడండి అన్నాను. చూశాడు. ఇంకోసారి చూడమన్నాను. ఆయన కెమెరా బల్ల మీద పెట్టి, మీకేం కనిపిస్తోందో చెప్పండి ముందు అన్నాడు. ఎదురు షాపు షట్టరు వంకరగా ఉందన్నాను. ఆయన నా వైపు ఒకలా చూసి, టీ తాగుతారా అన్నాడు.

పనితనం లేనివాళ్లంతా షాపులు పెట్టేస్తున్నారు.

ఫిబ్రవరి 18

స్నేహితురాలి దగ్గర కెమెరా అరువు తెచ్చుకుని చిన్న పెళ్లికి వెళ్లాను. రిజిస్ట్రార్ ఆఫీసులో సంతకాలు, తరవాత మెట్ల మీద గ్రూప్ ఫోటో, అంతే. మెట్లు వంగాయి. మధ్య వరసలో ఇద్దరికి మొహాల్లేవు.

దీనికీ అదే జబ్బు. అంటువ్యాధిలా ఉంది. ఫోన్ చేసి, నీ కెమెరా ఏం బాగాలేదే తల్లీ అని స్నేహితురాల్ని కడిగేశాను. అది తెల్లబోయి, నిన్ననే దాంతో తీశాను కదే అంది.

ఫిబ్రవరి 19, పొద్దున

స్నానం చేస్తుంటే ఎడమ కంట్లో షాంపూ పడింది. ఆ కన్ను గట్టిగా మూసుకుని కుళాయి కోసం తడుముకున్నాను. గోడ మీద టైల్స్ వంగి ఉన్నాయి.

చేతిలో కెమెరా లేదు.

ఎంతసేపు అలా నిలబడ్డానో. నీళ్లు పోతూనే ఉన్నాయి. కన్ను కడుక్కుని రెండు కళ్లూ తెరిచాను, టైల్స్ తిన్నగా అయ్యాయి. ఎడమది మూశాను, వంగాయి. కుడిది మూసి చూద్దామంటే నాకు కుడి కన్ను ఒక్కటే మూయడం రాదు, ఎప్పుడూ రాలేదు. చేత్తో కప్పుకున్నాను. తిన్నగా ఉన్నాయి.

ఇరవై ఏళ్లుగా ఎడమ కన్ను మూసి, కుడి కంటితోనే ఫోటోలు తీస్తున్నాను. రోజంతా నా కుడి కన్ను ఒంటరిగా చూసేది కెమెరాలో నుంచే. మిగతా టైమంతా ఎడమ కన్ను దాని తప్పులు కప్పిపుచ్చుతోంది. నేనేమో లెన్స్‌ని తిట్టాను, తమ్ముణ్ణి తిట్టాను, రిపేరాయన్ని తిట్టాను.

ఫిబ్రవరి 19, మధ్యాహ్నం

అమ్మకి కూడా మధ్యలో మసకతోనే మొదలైంది.

ఫిబ్రవరి 23

ఎవరికీ చెప్పలేదు. పొద్దున్న లేవగానే పడగ్గది తలుపు అంచు చూస్తున్నాను, ఎడమ కన్ను మూసుకుని. నిన్నటికంటే ఎక్కువ వంగిందా, తక్కువ వంగిందా? ఒకసారి ఎక్కువనిపిస్తుంది. మొహం కడుక్కుని మళ్లీ వస్తే తక్కువనిపిస్తుంది. పిచ్చిదాన్నయిపోతున్నాను. పళ్లు తోముకోవడం కూడా మర్చిపోయి తలుపు ముందు నిలబడ్డాను ఇవాళ. అమ్మ వంటింట్లోంచి, అక్కడేం చేస్తున్నావే, అడుగుల చప్పుడు లేదు అంది. చీర వెతుక్కుంటున్నానని అబద్ధం చెప్పాను. నేను చీరలు కట్టక ఎన్నాళ్లయిందో అమ్మకి తెలీదా!

డాక్టర్ దగ్గరికి వెళ్లను. వెళ్తే పేరు పెడతారు. పేరు పెట్టాక ఇక అది నాదే.

ఫిబ్రవరి 27

పెద్ద పెళ్లి. కుటుంబమంతా స్టేజీ మీద. పెళ్లికూతురి మొహం ఉండాల్సిన చోట మసక. కీచుమన్న చప్పుడు నమ్ముకుని నొక్కుతూ పోయాను. చేతులు చెమట పట్టి కెమెరా జారుతోంది. అమ్మాయి నవ్వుతోందో ఏడుస్తోందో తెలియక, బావుంది, అలాగే, అలాగే అంటూ ఉన్నాను. ఆ మాటలే దిక్కయ్యాయి.

మార్చి 2

కొంప మునిగింది. గ్రూప్ ఫోటోలన్నిట్లో ఫోకస్ వెనక తెర మీద పడింది. తెర మీద కుట్టుపని దారం దారం లెక్కపెట్టొచ్చు. ముందు నిలబడ్డ మనుషులు మాత్రం పొగమంచులో ఉన్నారు. మంచి ఫోటో ఒక్కటుంది, అందులో పెళ్లికూతురు కళ్లు మూసుకుంది.

వాళ్లమ్మ ఫోన్ చేసింది. అరవలేదు. అరిచినా బావుండేది. మా నాన్నగారు అంతదూరం నుంచి వచ్చి అందరితో నిలబడింది ఆ ఒక్కసారే అమ్మా, ఒక్కటైనా లేదా అని అడిగింది.

తమ్ముడు వీడియోలోంచి ఫ్రేములు తీసి, తాతగారు ఉన్నవి ఏరి, శుభ్రం చేసి ఇచ్చాడు. ఆవిడ శాంతించింది. తరవాత వాడు నా ఎదురుగా కూర్చుని, అసలు నీకేమైంది అక్కా అన్నాడు. వేళాకోళం లేదు గొంతులో. నీ పని నువ్వు చూసుకో అని కసిరాను. వాడు లేచి వెళ్లిపోయాడు. వాడి కళ్లు ఎర్రబడ్డాయి అనుకుంటా. సరిగ్గా కనిపించలేదు.

మార్చి 3

తలుపు చూశాను. ఎక్కువే.

మార్చి 5, సాయంత్రం

అమ్మకి తెలిసిపోయింది.

ఫోటోలు చెబుతున్నాను. పెళ్లికూతురికి ఎడమ బుగ్గ మీద పుట్టుమచ్చ, ఆడపడుచు మొహం గంటు పెట్టుకుంది, అలా. అమ్మ మధ్యలో ఆపింది. నీ మాట పక్కనుంచి వస్తోంది, కొన్నాళ్లుగా వింటున్నాను, తల పక్కకి తిప్పి చూస్తున్నావా అంది.

నాకే తెలీదు నేను తల తిప్పుతున్నానని. మెడ పట్టేసింది అన్నాను. అమ్మ ఊరుకోలేదు. ఏ కన్ను అంది.

అంతే. చిన్నపిల్లలా ఏడ్చేశాను. కుడిది అన్నాను.

అమ్మ నన్ను ఓదార్చలేదు. మెల్లగా తన సంగతి చెప్పింది. అమ్మ దర్జీ కదా, నాకు గుర్తున్నప్పటినుంచీ మిషన్ దగ్గరే ఉండేది. మొదట్లో సూదిలోకి దారం ఎక్కేది కాదట. ఈమధ్య సూదులు సన్నగా చేస్తున్నారు అనుకుందట. కంపెనీ మార్చిందట. తరవాత దారం లావుగా వస్తోందని షాపువాణ్ణి తిట్టిందట. ఆ తరవాత బల్బు మార్పించిందట, మిషన్ కిటికీ దగ్గరికి జరిపించిందట. అన్నీ మార్చాక మార్చడానికి ఇంకేం మిగల్లేదు, అప్పుడు తెలిసింది అంది. తెలిశాక కూడా ఒక ఏడాది మీకెవరికీ చెప్పలేదు, టీ పోసేటప్పుడు కప్పులో వేలు పెట్టుకునేదాన్ని, వేలు కాలితే నిండిందని లెక్క అంది.

ఆ కాలిన వేళ్లు నాకు గుర్తున్నాయి. ఇస్త్రీపెట్టె తగిలిందని చెప్పేది.

నువ్వు ఏం మార్చావే అని అడిగింది. లెన్స్ అన్నాను. తరవాత? కెమెరా. అమ్మ నవ్వింది. ఇద్దరం నవ్వాం, ఛీ, ఏడుస్తూనే. తరవాత గొంతు గట్టి చేసి, నేను భయపడి కూర్చున్నాను, అప్పుడు వెళ్లుంటే కొంతైనా మిగిలేదని డాక్టర్ అన్నాడు, నువ్వు రేపే వెళ్తున్నావు అంది. ఎల్లుండి వెళ్తాను, రేపు ఆల్బమ్ ఇవ్వాలి అన్నాను. సరే, ఎల్లుండి పొద్దున్న మీ తమ్ముడు నీ చెయ్యి పట్టుకుని తీసుకెళ్తాడు, నేనే చెబుతాను వాడికి అంది.

మార్చి 7

కంటి ఆసుపత్రి. గళ్ల కాగితం చూపించి గీతలు ఎలా ఉన్నాయన్నారు. చేపల వలలా ఉన్నాయి అన్నాను.

డాక్టరమ్మ ఎన్నాళ్లయింది అని అడిగింది. కెమెరా రిపేరుకిచ్చి నెల కావస్తోంది అన్నాను. ఆవిడకి అర్థం కాలేదు. తమ్ముడు వివరించాడు. నవ్వుతుందనుకున్నాను, నవ్వలేదు. కంటి వెనక పొర మీద, సరిగ్గా మధ్యలో, నీరు ఊరుతోందట. కంట్లోకి ఇంజెక్షన్ ఇస్తే ఆగొచ్చట. కొంత తిరిగి రావచ్చు, రాకపోవచ్చు, మాటివ్వలేను అంది. ఇంకో కన్ను మాటేమిటి అన్నాను. కనిపెట్టుకుని ఉండాలి అంది.

కంట్లోకి. సూది. అమ్మ సూదులు గుర్తొచ్చాయి. తమ్ముడు బయట కూర్చుంటానన్నాడు, తీరా నన్ను లోపలికి తీసుకెళ్తుంటే నాకంటే ముందు వాడికే కళ్లు తిరిగాయి, నర్సు వాణ్ణి బెంచీ మీద పడుకోబెట్టి నీళ్లు చల్లింది. ఆ గోలలో నా భయం కాసేపు మర్చిపోయాను. వాడి దుంప తెగ, అందుకైనా పనికొచ్చాడు.

మార్చి 8

కన్ను మీద కట్టు. ఇది ఒంటికన్నుతో రాస్తున్నాను. గీతల మీద పడుతున్నాయో లేదో అక్షరాలు.

మార్చి 16

ఒప్పుకున్న పెళ్లి, వదులుకోలేక వెళ్లాను. ఎడమ కంటితో తీశాను. కుడిది మూయడం రాదు కాబట్టి దానిమీద కాగితం టేపు అంటించుకున్నాను. ఎడమ కన్ను పెడితే ముక్కు వచ్చి స్క్రీన్‌కి అతుక్కుంటుంది, ప్రతి ఫోటోకీ తుడుచుకోవాలి. పెళ్లికొడుకు బాబాయి, సముద్రపు దొంగల్ని పిలిచారేంటర్రా ఫోటోలకి అన్నాడు. అందరూ నవ్వారు. నవ్వుతున్నప్పుడు తీశాను. మొహాలన్నీ ఉన్నాయి, ఒక్కటీ పోలేదు.

ఇంటికొచ్చి టేపు పీకి తలుపు చూశాను. అలాగే వంగి ఉంది. ఒక కన్ను పోయినా ఇంకోటుంది అనుకుంటూ వచ్చాను దారంతా. తలుపు చూశాక ఆ ధైర్యం పోయింది. ఈ కన్ను కూడా ఏదో ఒక పొద్దున్న స్తంభాన్ని వంచితే?

ఏప్రిల్ 6

రెండో ఇంజెక్షన్. తమ్ముణ్ణి ఇంట్లో వదిలేసి వెళ్లాను.

ఏప్రిల్ 10

అమ్మ మొహం చూద్దామని ఎడమ కన్ను మూశాను. నుదురుంది. గడ్డం ఉంది. మధ్యలో ఏమీ లేదు. చెప్పలేదు అమ్మకి.

ఏప్రిల్ 19

తలుపు చూడటం మానెయ్యి అంది అమ్మ. రోజూ దాని ముందు నిలబడి ఊపిరి బిగబడుతున్నావు, నాకు వినిపిస్తోంది, చూడాలనుంటే రేపు నన్ను చూడు అంది.

ఏప్రిల్ 20, పొద్దున

అమ్మ కిటికీ దగ్గర కూర్చుంది. ఎడమ కన్ను చేత్తో కప్పుకుని ఎదురుగా కూర్చున్నాను. ఉన్నానా అని అడిగింది. ఉన్నావు అన్నాను. అబద్ధం, పక్కకి చూసి చెబుతున్నావు అంది. రెండు చేతులతో నా బుగ్గలు తడిమి పట్టుకుని, మొహం తన వైపు తిప్పుకుంది.

నుదురు. గడ్డం. మధ్యలో ఒక కన్ను, కొంచెం వంకరగా. మొన్న లేదు.