పూర్ణ గుట్ట గబ్బిలాలు

పుణె, 6 జూన్ 2004

ప్రియమైన దత్తాత్రి అన్నకు,

మొన్న సెలవులల్ల పూర్ణ గుట్ట సొరంగంల టార్చి పట్టుకొని నా ముంగట నడిచినవు కద, ఆ గబ్బిలాలు మామూలువి కావన్నా! ముక్కు మీద గుర్రపు నాడ లెక్క తోలు మడత ఉండే జాతి అని ముందే ఎరుకే. కని ముంబై మ్యూజియంల దాసిన పాతవాటి పక్కన పెట్టి కొలిస్తే మనయి వేరే ఉన్నయి. చెవులు చిన్నయి, ముక్కు నడుమ తోలు సన్నగుంది. మనకు ఇనరాని వాటి కూతను మిషన్ పట్టింది, అది గూడ వేరేనే. మా కాలేజి మేడం "ఇది కొత్త ఉపజాతే కావచ్చు, వ్యాసం రాయి" అన్నది. దొరికిన జాగ పేరు అందుల తప్పకుండ ఉండాలె.

కొలిచెటందుకు కొన్నిటిని చంపి స్పిరిట్ల పెట్టిన. ఒకటి నా అరచేతిల వెచ్చగుండంగనే ప్రాణం ఇడిసింది. ఆ రోజు అన్నం తినబుద్ధి కాలే.

నీ చెల్లె,
నమ్రత

టెంఘర్, భివండి, 20 జూన్

చెల్లె నమ్రతకు దీవెనలు.

నీ కబురు ఇని మీ వదిన ఓదెమ్మ వాడంత చెప్పొచ్చింది. నేనే ఊకోమన్న. మా సేటు బట్ట నేసే సాంచాలు బంద్ చేసి తుక్కుకు అమ్మిండు. నేనిప్పుడు పూర్ణ ఊర్ల గోదాములు కట్టేకాడ రాతిపని చేస్తున్న. అవి లేసేది ఆ గుట్ట కిందనే. సాంచాలు బందయిన మన టెంఘరోళ్లు శానమంది ఈడనే ఉన్నరు. పని గుత్తకు పట్టిన ఠేకేదార్ అంటడు, "ఈ గుట్టల ఖాస్ జంతువు ఉందని ఫారెస్టోళ్లకు తెలిస్తే కామ్ బంద్, అందరు ఇంటికే."

జర జాగ పేరు మార్చి రాయి చెల్లె. వేరే గుట్ట ఏదన్న రాయి. పేరు లేకుంటే గబ్బిలాలు సావయి కద.

మీ అన్న,
దత్తాత్రి

పుణె, 27 జూన్

అన్నా,

జవాబు రాయబోయి శానసార్లు ఇడిసిపెట్టిన. తప్పుడు గుట్ట రాస్తే రేపు ఇంకొకలు ఆడ ఎతికి, ఏం దొరకక, నమ్రత అబద్ధం చెప్పిందంటరు. గబ్బిలం ఉండి గూడ లేనట్టే అయితది. నిజం రాస్తే నీ ఇంట్ల పొయ్యి ఆరిపోతది. వదిన మొఖం ఎట్ల సూడాలె నేను? వ్యాసం ఇంక పంపలే.

ఒక్కటే అడుగుత. గుట్ట కిందనే గోదాములు లేస్తున్నయంటివి, సొరంగం మూతి మూయనియ్యకు. ఇప్పుడు తల్లులు పిల్లల్ని రొమ్ముకు అతికిచ్చుకొని ఏలాడుతున్నయి. పిల్లలకు ఇంక ఎగురరాదు.

ఏం తోచక,
నమ్రత

పుణె, 25 జూలై

అన్నా,

నెలాయె, జవాబు లేదు. కిరాణా దుకాణానికి ఫోన్ చేస్తే వదిన వచ్చి "మీ అన్న పనికి పోతలేడు" అని ఫోన్ పెట్టేసింది. నా మీద కోపమా? తిట్టన్న తిట్టు, రాయి.

నమ్రత

టెంఘర్, 2 ఆగస్టు

చెల్లె,

కోపం కాదు. రాసెటందుకు చెయ్యి రాలే.

నీ ఉత్తరం అందిన మరునాడే ఠేకేదార్, ఫారెస్టోళ్ల కంట పడొద్దని, సొరంగం మూతికి గోడ పెట్టుమన్నడు. "సాయంత్రం దాక ఆగు సేట్, అవి బయటికి పోతయి" అన్న. "నువ్వు పెట్టకుంటే ఇంకొకడు పెడతడు" అన్నడు. పెట్టిన చెల్లె. పట్టపగలు, ఈ చేతులతోనే రాయి మీద రాయి పెట్టిన.

ఇంటికొచ్చి మీ వదినకు చెప్పిన. ఒడిల మా చిన్నది సాక్షి పాలు తాగుతుంది. "తల్లులు లోపటనే ఉన్నయా?" అన్నది. గంతే. సాక్షిని పక్కింట్ల ఇచ్చి, గడ్డపార పట్టుకొని నాకంటె ముంగట నడిచింది. పొద్దుగూకంగ చేరినం. గోడకు చెవి పెడితే లోపట రెక్కలు కొట్టుకునే సప్పుడు. సిమెంట్ ఇంక పచ్చిగనే ఉంది. రాళ్లు ఊడంగనే మా మొఖాల మీదికెల్లి పోయినయి, కొన్ని రొమ్ముల పిల్లలతోని. కింద పడ్డ పిల్లల్ని మీ వదిన కొంగుల ఏరుకున్నది. వాటిల ఒక్కటి గూడ బతకలే.

వాచ్‌మన్ చూసి చెప్పిండు, నా పని పోయింది. వరాలా చెరువు కాడ ఒక కార్ఖానల మాట్లాడుకున్న, మల్ల సాంచాలెక్కుత. మిగతావాళ్ల పని నడుస్తనే ఉంది. తర్వాత ఎన్నిసార్లు పోయి చూసినా సొరంగం ఖాళీ. ఎటువోయినయో తెల్వది.

వేరే గుట్ట రాయమన్న మాట మర్చిపో. పూర్ణ గుట్ట అనే రాయి. అవి ఈడ ఉండెనని రాయి. ఇప్పుడు లేవని గూడ రాయి. ఎందుకు లేవో రాయాల్సొస్తే నా పేరు దాయకు.

నీ అన్న,
దత్తాత్రి