సినిమా హాలు ఆపరేటరు

నా రాత కోడి కెలికినట్టుంటుంది, తప్పులుంటే సర్దుకుని చదువుకో. ఇక్కడ నేనూ అమ్మాయీ కులాసా.

ఈ నగరంలో గొప్ప పనులు చేసిన ఆడవాళ్ల గురించి అమ్మాయి రాస్తున్న పుస్తకంలో నిన్నూ చేర్చింది. నిన్న లైబ్రరీలో అది చదివి వినిపిస్తుంటే మనం పనిచేసిన సినిమా హాలు ఓనరు కొడుకు లేచాడు. "ఆడమనిషి మిషను నడపడమేంటమ్మా? మీ అమ్మ హాలు ఊడ్చేది. ఆపరేటరు మీ నాన్న" అన్నాడు. అందరూ నావైపు తిరిగారు. నలుగురిలో నాకు నోరు పెగలదని నీకు తెలుసు. అయినా లేచాను.

"ఊడ్చింది నేనండీ. మిషను మా ఆవిడది. రీలు తెగితే జనం ఈల వేసేలోపే అతికించేది" అన్నాను. అతను నవ్వాడు. నేను మాత్రం కూర్చోలేదు.

రుజువు చూపించమంటున్నాడు. మిషను మీద చెయ్యి వేసి నువ్వు దిగిన ఫోటో ట్రంకు పెట్టె అడుగున ఉంది, పంపు. ఎవరేమనుకుంటారోనని దాచింది చాలు. ఈసారి నువ్వు వద్దన్నా వినను.

పెరట్లో కుళాయి కారడం ఆగిందా? మోకాలికి మందు రాసుకుంటున్నావా? మనవరాలికి నా దీవెనలు.

ఆ ఫోటో అతని ముందు పెట్టేదాకా ఇక్కణ్ణించి కదలను. వెంటనే జవాబు రాయండి, ఆపరేటరు గారూ.