తప్పు తెలిసిన మోటారు

మావయ్యకి,

నిన్న పళ్ళ డాక్టరమ్మ ముందు నువ్వన్న మాటకి ఇది జవాబు. "వీడూ అంతే, వీడి మిషనూ అంతే, ఏదీ చివరిదాకా వెళ్ళదు" అన్నావు. నన్ను అను. బడి మధ్యలో మానేశాను, ఫ్యాన్ల రిపేరు కొట్టూ మధ్యలో మానేశాను. మిషన్ని మాత్రం అనకు. అది మధ్యలో ఆగినందుకు నాకు గర్వంగా ఉంది.

నవ్వకు, చెప్తున్నా. చెక్క మీద పువ్వులు చెక్కే నా మిషన్‌కి మొన్నటిదాకా ఉన్నవి గుడ్డి మోటార్లు. "ఇంత దూరం జరుగు" అంటే జరిగామనుకుంటాయి. చెక్కలో ముడి తగిలి ఇరుక్కున్నా వాటి లెక్కలో అంతా కరెక్టే. అక్కణ్ణించి మిగతా పనంతా ఆ వంకరలోనే చెక్కేస్తాయి. నీ స్టూలు మీద పువ్వు ఒకచోటా కాడ ఇంకోచోటా వచ్చింది అందుకే.

ఇప్పుడు పెట్టినవి క్లోజ్డ్ లూప్ స్టెప్పర్లు. ఒక్కో మోటారు వెనకాల ఎన్‌కోడర్ అని చిన్న డబ్బా ఉంటుంది. అది దాని కన్ను. చెప్పినంత తిరిగిందా లేదా అని చూస్తూనే ఉంటుంది. కాస్త వెనకబడితే తనే సర్దుకుంటుంది. సర్దుకోలేనంత తేడా వస్తే ఎర్ర లైటు వేసి ఆగిపోతుంది. ఒకటి ఆగితే మిగతావీ ఆగేలా వైరు లాగింది నేనే. ఎవడూ నేర్పలేదు.

ఆదివారం లోపు ఇంకోసారి ఆగితే మిషన్ షెడ్డులోకి, నేను బాబాయి సిమెంటు కొట్లోకి అన్నావు. సరే, ఒప్పుకున్నా. డాక్టరమ్మ క్లినిక్ తలుపు మీద పూలతీగంతా నా మిషనే చెక్కుతుంది.

ఇట్లు,
నీ చెల్లెలి కొడుకు

తా.క.: నీతో మాట్లాడనని ఒట్టు పెట్టుకున్నాను. అందుకే పైగది నించి కిందకి ఉత్తరం. అత్తయ్య టీ కప్పు కింద పెట్టి తెస్తుంది. కాగితం మీద టీ మరకుంటే మెట్ల మీద ఆగి చదివిందని అర్థం.

* * *

పైఅంతస్తు ఇంజనీరుగారికి,

మరక రెండు చోట్ల ఉంది. రెండుసార్లు చదివినట్టుంది.

నీ మోటారుకి కన్నుందని సంతోషం. కానీ నాదొక సందేహం. తప్పు చేస్తే తనే చూసుకుంటుంది, తనే సర్దుకుంటుంది అంటున్నావు. మరి నువ్వెందుకు పొద్దస్తమానం దాని పక్కన స్టూలేసుకుని కూర్చుంటావు? నా ఉలికి కన్ను లేదు. కన్ను నాకుంది. ఇన్నేళ్ళూ అలాగే గడిచింది.

తీగ గీతలు చూశాను. బాగున్నాయని నేను అనలేదు. డాక్టరమ్మ అంది. పన్ను పీకించుకోవడానికి వచ్చేవాడు తలుపు చూసి ఒక్క నిమిషం నొప్పి మర్చిపోవాలని ఆవిడ కోరిక. అది మంచి టేకు చెక్క. పాడుచేశావంటే నా ముఖం ఆవిడకి చూపించలేను. పన్ను నొప్పొచ్చినా చూపించలేను.

ఇంకో మాట. నువ్వు పని ఆపి భోజనానికి వెళ్తావు. మిషన్ మాత్రం అలా మూలుగుతూనే ఉంటుంది, వినబుద్ధి కాదు. నోరు లేనిదానితో పని చేయించుకునేటప్పుడు కాస్త జాలి ఉండాలి.

ఆశీస్సులతో,
మీ మావయ్య

తా.క.: నేను కూడా మాట్లాడనని ఒట్టు పెట్టుకున్నాను. నాదే ముందు.

* * *

మావయ్యకి,

ఆగింది. ఒప్పుకుంటున్నా. నిన్నా ఆగింది, ఇవాళా ఆగింది. పొద్దున్నంతా వెన్నలో కత్తిలా నడుస్తుంది. నేను తినేసొచ్చి స్టార్ట్ నొక్కగానే ఒక్క అడుగు వేసి ఎర్ర లైటు.

నా తప్పేమో అని అన్నీ విప్పాను. కన్ను నించి వచ్చే వైరు, కటింగ్ మోటారు కరెంటు వైరు పక్కపక్కనే ఉన్నాయి. ఒకదాని గోల ఇంకోదానికి వినపడుతోందేమో అని విడదీసి వేరే గొట్టంలో వేశాను. పిన్నులన్నీ మళ్ళీ నొక్కాను. మోటారుని స్క్రూ రాడ్‌కి కలిపే చోట బోల్టులు బిగించాను. మోటారు మీద చెయ్యేసి చూశాను, నీ నుదురంత కూడా వేడి లేదు. మిషన్ కింద పడుకుని పడుకుని నా వీపు మీద దాని కాళ్ళ ముద్రలు పడ్డాయి.

మిగిలింది ఒక్కటే. మధ్యాహ్నం అత్తయ్య మిక్సీ వేస్తుంది. కరెంటు అక్కడ పడిపోతోంది. ఈ రెండ్రోజులూ మిక్సీ వద్దని చెప్పు. నేను చెప్తే కొడుతుంది.

ఒక మాట అడుగుతా, నిజం చెప్పు. నేను లేనప్పుడు నువ్వు మిషన్ ముట్టుకుంటున్నావా?

ఇట్లు,
నిద్ర లేని నీ మేనల్లుడు

తా.క.: సిమెంటు కొట్లోకి వెళ్తే బాబాయి నన్ను బస్తాలు లెక్కపెట్టమంటాడు. అవి కదలవు కూడా మావయ్యా. చూస్తూ ఎలా కూర్చోను?

* * *

మేనల్లుడికి,

ముట్టుకోవడమా! నేనా! నీ మిషన్ మీద నా చిటికెన వేలు కూడా పడలేదు. కావాలంటే మా అమ్మ మీద ఒట్టు. ఒకడి పనిముట్టు ఇంకోడు ముట్టుకోకూడదని నీకు నేర్పింది ఎవరు? నా బాడిస తీసుకెళ్ళి కొబ్బరికాయ కొట్టిన రోజు వీపు విమానం మోత మోగించి నేర్పానుగా!

తినడానికి వెళ్ళే ముందు బాగుండి, తినొచ్చాక పాడవుతోందంటే మిషన్‌కి కూడా భుక్తాయాసం వచ్చినట్టుంది. ఎల్లుండి ఆదివారం. షెడ్డు ఊడ్చి పెట్టాను. మీ బాబాయికి కబురు చేశాను. మనసుకి కష్టంగానే ఉంది, కానీ మాట మాటే.

ఆశీస్సులతో,
మీ మావయ్య

తా.క.: మిషన్ ఎటూ పోతోంది కాబట్టి అడుగుతున్నాను, నా చీలలు ఇచ్చెయ్. పాపం, మిషన్ మీద అటూ ఇటూ జరిగే ఆ అడ్డదూలం బరువు మోస్తూ మోటారు మూలుగుతోందని, నువ్వు తినడానికి వెళ్ళినప్పుడల్లా దూలానికీ చట్రానికీ మధ్య ఒక టేకు చీల చెక్కి దిగ్గొడుతున్నాను. కాసేపు నడుం వాలుస్తుందని. మిషన్‌ని ముట్టుకోకుండానే కొట్టాను, సుత్తితో. సాయంత్రానికి చీల ఉండదు. థాంక్స్ అన్న మాటా ఉండదు.

ఇంకో తా.క., ఇది అత్తయ్య రాస్తోంది: మిక్సీ మీద నింద వేసినవాడికి ఇవాళ చప్పిడి కూడే. రోట్లో రుబ్బే ఓపిక నాకు లేదు.

* * *

మావయ్యా!

చీలా? చీల కొట్టింది నువ్వా? నేను మిషన్ పొట్ట కింద దూరి వైర్లతో కుస్తీ పడుతుంటే, పైన చీల కొట్టింది నువ్వా?

అది మూలగడం కాదు మావయ్యా. ఆపినా ఉన్న చోటు జారిపోకుండా పట్టుకుని నిలబడుతుంది, ఆ చప్పుడు అది. నేను తినొచ్చి స్టార్ట్ నొక్కుతాను. దూలం వెళ్ళి నీ చీలని గుద్దుకుంటుంది. మోటారు తోస్తుంది. నువ్వు కొట్టిన చీల కదా, కదులుతుందా? కన్ను చూస్తుంది, చెప్పినంత జరగలేదని. ఎర్ర లైటు. మోటారు పట్టు వదలగానే చీల జారి రంపప్పొట్టులో పడుతుంది. ఆ పొట్టు ఊడ్చేది నేనే. నీ టేకు చీలలన్నీ చెత్తడబ్బాలో ఉన్నాయి, వెళ్ళి తీసుకో.

కానీ ఒక్కసారి ఆలోచించు. గుడ్డి మోటార్లు ఉండుంటే? చీల దగ్గర అంగుళం మింగేసి, ఏమీ ఎరగనట్టు మిగతా తీగంతా పక్కకి చెక్కేసేవి. ఆకులన్నీ తాళంకప్ప మీదకి వచ్చేవి. నువ్వు చీల కొట్టినప్పుడల్లా డాక్టరమ్మ తలుపుని కాపాడింది నా మోటారే. నువ్వు కట్టిన దేన్నైనా ఊపి చూసి కదలకపోతేనే బయటికి పంపుతావు. నా మిషన్‌కి అంతకంటే గట్టి పరీక్ష పెట్టావు. నెగ్గింది.

నీ ఉత్తరం చదివాక నిన్న మధ్యాహ్నం అత్తయ్యని గరిటె పట్టుకుని కాపలా పెట్టి తిన్నాను. మిక్సీకి క్షమాపణ చెప్పాను, మిక్సీకే, గట్టిగా, ఆవిడ ముందు. తినొచ్చి నొక్కాను. ఎక్కడా ఆగలేదు. తీగ ఆ చివర మొదలుపెట్టి ఈ చివరకొచ్చి కలిసింది. వేలు పెట్టి తడిమాను, కలిసిన చోటు దొరకలేదు.

డాక్టరమ్మ వచ్చినప్పుడు నేను పైన నిద్రపోతున్నాను. నువ్వేమన్నావో అత్తయ్య చెప్పింది. "ఈ మిషన్ మా అబ్బాయే కట్టాడండీ. తప్పు జరిగితే తనే ఆగిపోతుంది. నా దగ్గర చేసిన మేస్త్రీల్లో ఒక్కడూ అలా ఆగలేదు. నేనూ ఆగలేదు" అన్నావట. ఆవిడ లోపలి తలుపుకి కూడా చెక్కమంటే సరే అన్నావట, నన్నడక్కుండా. నా ముందు ఒక్క ముక్క అనవు కదా! అయినా పర్లేదు. అత్తయ్య చేత నాలుగుసార్లు చెప్పించుకున్నా.

రేపు ఆదివారం. షెడ్డు సంగతి, బాబాయి సంగతి ఏం చేస్తావో రెండు ముక్కలు రాసి

ఒక్క నిమిషం. కింద మిషన్ నడుస్తోంది. నేను పైన ఉన్నాను. అత్తయ్య గుమ్మంలో ఖాళీ కప్పుతో ఉత్తరం కోసం నిలబడింది. మరి నడుపుతున్నదెవరు?

ఆగిపోయింది.

"ఒరేయ్, కిందకి రా! ఎర్ర లైటొచ్చింది! నేనేం ముట్టుకోలేదు!" అని అరుస్తున్నావు. నోటితోనే.

నేను వెళ్ళాలి.